ఆవగింజంత పిడి

ఫిబ్రవరి 3

మావయ్యా,

ఈ రోజు పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: నువ్వు పంపిన పార్సిల్‌ని మా వార్డెన్ కత్తెరతో కోసి, దూది విప్పి, లోపలున్న రెండు ఇత్తడి చక్రాలని అరచేతిలో పెట్టుకుని, "ఏంటమ్మా ఇవి? ఎవరి గడియారమైనా విప్పి పంపారా మీవాళ్ళు?" అంది.

"రైలు చక్రాలండీ" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, నన్నూ చక్రాలనీ మార్చి మార్చి చూసింది. "బాగుంది. తర్వాతి పార్సిల్లో స్టేషనొస్తుందా?" అని ఇచ్చేసింది. హాస్టల్ మొత్తానికి ఇప్పుడు నా పేరు రైలమ్మాయి.

స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా పదకొండున్నర మిల్లీమీటర్లు. నిఘంటువు మీద పెడితే దొర్లి, కింద పడబోయే ముందు అంచు దగ్గర ఆగాయి. కాలేజీలో చేరాక మాటలు పోగుచేసే జబ్బు పట్టుకుంది నాకు. దానికో నోటుబుక్కు పెట్టాను. నీ పాత ఉత్తరాల్లోంచి టంకం, శ్రావణం, ఆకురాయి ఎక్కించాను. ఆకురాయి మీదే నా అనుమానం. అది ఆకూ కాదు, రాయీ కాదు, ఇనుముని అరగదీసే ఇనుము. దానికా పేరెందుకు వచ్చింది? మా లెక్చరర్ని అడిగితే, "పరీక్షకి రాదు కదా, వదిలెయ్" అన్నారు.

ఇక అసలు సంగతి. అమ్మ ఉత్తరాల్లో ఎండ ముదిరిందనీ, పంపు బాగుచేయించామనీ ఉంటుంది. నాన్న ఎలా ఉన్నాడని అడిగితే "బానే ఉన్నారు" అని మూడు ముక్కలు. హాస్టల్ ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది. అక్కడ ఏడిస్తే అందరికీ వినోదం. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఈ తొమ్మిదో తారీఖుకి ఆర్నెల్లు. నాన్న నడిపిన గూడ్సు ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న బండిని గుద్ది ఆర్నెల్లు. ఆ బండి చివరి డబ్బాలో గార్డు పోయి ఆర్నెల్లు. బ్రేకు వేశాను, పట్టలేదు అని నాన్న అంటాడు. వేయనే లేదని విచారణ వాళ్ళంటారు. బండి బయలుదేరే ముందు బ్రేకులు పరీక్షించి సంతకం పెట్టింది నువ్వు కాబట్టి, బ్రేకులు బాగున్నాయన్నది ఒక్కటే ఎవరూ కాదనని మాట. అంటే నాన్న అబద్ధమైనా ఆడుతుండాలి, మతైనా తప్పి ఉండాలి. నేను రెండూ నమ్మను.

నాన్న సంగతి నిజంగా రాయి. అలాగే, ఈసారి ఏ బండి కడుతున్నావు? చక్రాలు పంపావు గానీ ఆ ముక్క రాయలేదు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 10

మా నిఘంటువుకి,

మీ వార్డెన్‌కి చెప్పు, పంపినవి పనికిరాని చక్రాలని. అంచు వెంట్రుకవాసి మందమైంది. పట్టా మీద పెడితే మలుపులో ఎక్కి కూర్చుంటాయి, పెళ్ళిలో అలిగిన చుట్టంలాగా. కాగితాలెగరకుండా పెట్టుకోవడానికి పనికొస్తాయని పంపాను.

ఆకురాయి మీద గీతలు ఆకు ఈనెల్లా ఉంటాయి. అందుకేనేమో. పేర్లు నాకు తెలియవు, రుద్దడమే తెలుసు.

మీ నాన్న రోజూ తొమ్మిదింటికి మా ఇంటికొస్తున్నాడు. డ్యూటీకి వచ్చినట్టే, గుమ్మంలో వాచీ చూసుకుని. వెనక గదిలో కిటికీ పక్క స్టూలు ఇప్పుడాయనది. మాట్లాడడు. నేను టంకం పెడుతుంటే రేకు కదలకుండా శ్రావణంతో పట్టుకుంటాడు. ఇరవై ఆరేళ్ళు వేల టన్నులు లాగిన చేతులు, బెత్తెడు రేకుని గంటకి రెండుసార్లు జారవిడుస్తున్నాయి. నేను చూడనట్టు ఉంటాను. పన్నెండింటికి మళ్ళీ వాచీ చూసుకుని వెళ్ళిపోతాడు. నిజంగా రాయమన్నావు కాబట్టి రాశాను.

కడుతున్నది నీలం ఇంజిను, దాని వెనక వ్యాగన్లు. అసలు బండికి నలభై. నా బల్లకి మొదటి ఆరు చాలు. ఎనభై ఏడింట ఒక వంతు కొలత. పద్నాలుగు మీటర్ల వ్యాగన్ నా దగ్గర పదహారు సెంటీమీటర్లు. బయటి మనిషికి పైన రంగే కనపడుతుంది. నేను మాత్రం కిందివైపు కూడా కడతాను, బ్రేకు గొట్టంతో సహా. తిరగేసి చూసేవాడెవడు అని మీ అమ్మ వెక్కిరిస్తుంది. నేనే చూస్తాను.

నీ నోటుబుక్కు కోసం ఇంకో మాట: పిడి. వ్యాగన్‌కి రెండు కొసలా గొట్టం మీద గాలి కుళాయి ఒకటుంటుంది, దానికో పిడి. పిడి గొట్టం వెంట పొడుగ్గా ఉంటే గాలి పోతుంది. అడ్డంగా ఉంటే ఆగిపోతుంది. డ్రైవరు బ్రేకు వేస్తే ఆ కబురు గాలి ద్వారానే చివరి వ్యాగన్ దాకా పోవాలి. అందుకని బండి నడిచేటప్పుడు, చిట్టచివరి కొసది తప్ప, పిడులన్నీ పొడుగ్గానే ఉండాలి. నా కొలతలో పిడి రెండు మిల్లీమీటర్లు. ఆవగింజంత. ఆరు వ్యాగన్లకి పన్నెండు. తుమ్మొస్తే గది మొత్తం వెతుక్కోవాలి.

బాగా చదువు.

ఇత్తడి పొడి చేతులతో,
మావయ్య


ఫిబ్రవరి 16

మావయ్యా,

నీలం ఇంజిను, వెనక నలభై వ్యాగన్లు. అది ఆ బండే కదా?

నీ ఉత్తరం రెండోసారి చదివేదాకా తట్టలేదు. తట్టాక, గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న మాట నేను పరీక్షలో ఎన్నిసార్లు ఊరికే రాశానో గుర్తొచ్చింది. లోకంలో ఇన్ని బళ్ళుండగా, నాన్న ఎదురుగా కూర్చుని ఆ బండే కడతావా? పైగా రేకు ఆయన చేతే పట్టిస్తావా? నువ్వు మంచివాడివని నాకు తెలుసు. కానీ చేతిలో పని ఉంటే ఎదుటి మనిషి కనపడడు నీకు. అత్తయ్య ఉన్నప్పుడూ ఇదే అనేది: "ఇల్లు తగలబడుతున్నా, ఈ చక్రం అయిపోయాక వస్తానంటాడీయన."

దయచేసి ఆపు. ఇంకేదైనా కట్టు. ప్యాసింజరు కట్టు.

నేను


ఫిబ్రవరి 22

మా నిఘంటువుకి,

తిట్లు అందాయి. మీ అత్తయ్య మాట కూడా అందింది; చాలా రోజులైంది విని.

ఆ బండి కట్టమన్నది మీ నాన్నే. డిసెంబరులో ఒక రోజు స్టూలు మీద కూర్చుని, నెలలో మొదటిసారి నోరు విప్పాడు. "బావా, ఆ బండి కడదాం. ముక్క ముక్కా పెట్టుకుంటూ పోతే నేనెక్కడ తప్పు చేశానో దొరుకుతుంది" అన్నాడు.

"వద్దు బావా" అన్నాను.

"నీకు ప్రతి బోల్టూ తెలుసు కదా. ఇంకెవర్ని అడగను?"

కాదనడానికి నా దగ్గర కారణం లేదు. పని మొదలెట్టాను.

నీకు చెప్పకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి చెప్పాను. ఇక దీని గురించి ఎవరికీ రాయకు.

మావయ్య


మార్చి 1

మావయ్యా!

నన్ను క్షమించు. చెంపలు వేసుకుంటున్నాను, చూడ్డానికి మా గదిలో ఉండే లెక్కలమ్మాయి సాక్ష్యం.

నాకిప్పుడు అర్థమైంది. మీరిద్దరూ బొమ్మ కట్టడం లేదు, రుజువు కడుతున్నారు! నాన్న తప్పు చేయలేదని నీకు తెలుసు, అందుకే కిందివైపు కూడా కడుతున్నావు. ఆ విచారణ బల్ల మీద నువ్వు ఇంజినూ వ్యాగన్లూ వరసగా పెట్టి, ఇదిగో ఇక్కడ లోపం అని వేలు పెట్టి చూపిస్తే? బండి పరీక్షించిన మనిషే చెబితే కాదనేవాడెవడు?

నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. "ఎవరికీ రాయకు" అన్న నీ ఆఖరి వాక్యం మళ్ళీ చూసుకునేసరికే రెండు ఉత్తరాలు పోస్టులో పడ్డాయి. ఒకటి మీ ఉద్యోగుల సంఘం కార్యదర్శికి: మావయ్య బండి నమూనా తయారుచేస్తున్నాడు, విచారణలో చూపించడానికి అనుమతి అడగండి అని. రెండోది నాన్నకి: "నాన్నా, మావయ్య నిన్ను బయటపడేస్తాడు. నువ్వు రేకు గట్టిగా పట్టుకో చాలు" అని.

మంచిపనే చేశాను కదా?

నీ మేనకోడలు

తా.క. రుజువు అన్న మాట నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాశాను.


మార్చి 7

అమ్మాయీ,

ఎవరు రాయమన్నారు నిన్ను?

కార్యదర్శి నిన్న ఇంటికొచ్చాడు. వెనక గదిలో బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అద్భుతమండీ, చీమ కూడా టిక్కెట్టు కొనుక్కునేలా ఉంది" అని నవ్వాడు. ఇరవై ఎనిమిదిన ఆఖరి విచారణ, ఆ రోజు పట్టుకు రమ్మన్నాడు. నేను గుమ్మం దాకా సాగనంపాను. బొమ్మ బొమ్మే. గాలి లేని గొట్టం ఏం రుజువు చేస్తుంది?

నీ ఉత్తరం అందిన మర్నాడు మీ నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి నవ్వాడు. ఏడు నెలల తర్వాత. అలా ఎందుకు చేశావమ్మా నువ్వు?

ఇంకో సంగతి. నీకు కానుక పంపాలని ఆయనే అరలోంచి ఒక వ్యాగన్ తీసి, దూది చుట్టి, డబ్బాలో పెట్టి పోస్టు చేసొచ్చాడు. నేనప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఏ నంబరు పంపాడో చూడలేదు. అందగానే తిరిగి పంపించు. రంగు ఇంకా ఆరలేదు.

మావయ్య


మార్చి 14

మావయ్యా,

నన్ను తిట్టినందుకు కోపం లేదు. కానీ నిన్నెవరూ ఏమీ అనకముందే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నావెందుకు? విచారణలో నిలబడి మాట్లాడాలంటే భయమా? నేనొచ్చి పక్కన నిలబడతాను.

వ్యాగన్ అందింది. రంగు శుభ్రంగా ఆరింది, నీకే తొందర. మేం ఐదుగురం నేల మీద బోర్లా పడుకుని, చెంపలు గచ్చుకి ఆనించి, కళ్ళు దాని ఎత్తుకి తెచ్చుకుని చూశాం. అలా చూస్తే అది బొమ్మ కాదు, దూరంగా ఆగి ఉన్న నిజం వ్యాగన్. లెక్కలమ్మాయి, "ఎవరో దీన్ని ఇక్కడ వదిలేసి వెళ్ళినట్టుంది" అంది. తలుపు మీద తుప్పు మరక కూడా వేశావు. పక్కన నంబరు, దాని కింద తెల్లగా 2.

తర్వాత తిరగేశాను. తిరగేసి చూసేవాడెవడని అమ్మ వెక్కిరిస్తుందన్నావు కదా, ఉన్నారు! దొరికావు మావయ్యా! ముందు కొసన పిడి గొట్టం వెంట పొడుగ్గా ఉంది. వెనక కొసన అడ్డంగా ఉంది. నువ్వు నేర్పిన పాఠమే: అడ్డంగా ఉంటే గాలి ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో నీ పనిలో తప్పు పట్టుకున్న మొదటి మనిషిని నేనే. నీ మర్యాద కాపాడదామని శ్రావణం అప్పు తెచ్చి నెమ్మదిగా తిప్పబోయాను. అది తిరగలేదు, ఊడొచ్చింది. క్షమించు. ఈ ఉత్తరం కింద టేపుతో అంటించాను, చూసుకో. ఆవగింజ కన్నా చిన్నది. ఎలా చేశావో!

ఇప్పుడు నవ్వే సంగతులు అయిపోయాయి. నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఏడు నెలల్లో మొదటిది. నాలుగు వాక్యాలు. ఎత్తి రాస్తున్నాను.

"తల్లీ, వ్యాగన్ నీకు నచ్చుతుందనుకుంటాను. మేం బండి మొత్తం కట్టాం, తప్పు ఎక్కడా దొరకలేదు, అంటే తప్పు నాదే అయ్యుంటుంది. ఆ రోజు నా చెయ్యి బ్రేకు మీద పడిందో లేదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఇరవై ఎనిమిదిన బ్రేకు వేయలేదని ఒప్పుకుని సంతకం పెట్టేస్తాను, ఆ గార్డు భార్యకైనా ఒక జవాబు దొరుకుతుంది."

మావయ్యా, ఒప్పుకుంటే ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు అని కార్యదర్శి రాశారు. చేయని పనికి సంతకం పెడతాడట. నువ్వు మాట్లాడు. నువ్వు చెబితే వింటాడు.

నేను


మార్చి 20

అమ్మా,

నువ్వు తప్పు పట్టుకోలేదు. ఆ పిడి సరిగ్గానే ఉంది.

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెట్టాను. సాగదీయను.

ఆగస్టు తొమ్మిది, పొద్దున్న. నాలుగో లైను. బ్రేకులు పరీక్షించాను, గాలి చివరి వ్యాగన్ దాకా పోయింది, ఎనిమిదీ పదికి సంతకం పెట్టాను. అందులో అబద్ధం లేదు. బండి కదలడానికి ఇంకా అరగంట ఉంది. ఆ రకం వ్యాగన్ బొమ్మ నేను రెండేళ్ళుగా గీస్తున్నాను. అన్ని కొలతలూ ఉన్నాయి, పిడి పొడుగు ఒక్కటి తప్ప. కంపెనీ కాగితంలో సరిగ్గా ఆ అంకె మీదే టీ మరక. అంచనాగా పెట్టుకోవచ్చు, ఎవడూ కొలిచి చూడడు. నేను పెట్టుకోను కదా. నా గర్వం అదే కదా.

రెండో వ్యాగన్‌కీ మూడో వ్యాగన్‌కీ మధ్య దూరాను. పిడి గొట్టం వెంట ఉన్నప్పుడు వెనక, కొలిచే కాలిపర్ నోరు పట్టదు. అడ్డంగా తిప్పాను. పదిహేడున్నర సెంటీమీటర్లు. నోటుబుక్కు తీసి బొమ్మ గీసుకున్నాను. అప్పుడు మీ నాన్న ఇంజిన్లోంచి హారన్ కొట్టాడు. ఒక పొట్టిది, ఒక పొడుగుది. పాతికేళ్ళుగా మా ఇద్దరికే తెలిసిన హారన్ అది: "బావా, టీ తాగావా?" అని. నవ్వుకుంటూ బయటికొచ్చి చెయ్యి ఊపాను. టీ తాగాం. బండి కదిలింది.

పిడి తిప్పి వచ్చానా?

మీ నాన్న "బ్రేకు వేశాను, పట్టలేదు" అన్నాడని తెలిసిన క్షణం నుంచీ నన్ను నేను అడుగుతున్నది ఇదే. ముప్ఫై ఏళ్ళ అలవాటు, తిప్పే ఉంటాననుకున్నాను. రోజూ అనుకున్నాను. అనుకోగా అనుకోగా అది గుర్తున్నట్టే అయింది. విచారణలో సర్టిఫికెట్ మీద నా సంతకం చూసి అక్కడి పెద్ద అధికారి, "ఈయన చూశాడంటే ఇక మనం చూడక్కర్లేదు" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. నేను తలూపాను.

వ్యాగన్ల కింద పిడులు అతికించిన రోజు మీ నాన్న నా పక్కనే ఉన్నాడు. పదకొండు పొడుగ్గా పెట్టాను. ఒకటి అడ్డంగా పెట్టాను. కావాలని పెట్టలేదు. ఏమీ ఆలోచించకుండా పెట్టాను. రెండో వ్యాగన్, వెనక కొస. అది అలాగే ఉంటుందని నా చేతికి తెలుసు. నీ ఉత్తరం కింద టేపులో ఆ ముక్కని చూసేదాకా నాకు తెలియదు.

అంటే ఆ రోజు మీ నాన్న బ్రేకు వేశాడు. ఆ గాలి రెండు వ్యాగన్లు దాటి పోలేదు. ముప్ఫై ఎనిమిది వ్యాగన్లు వెనక నుంచి నెట్టుకుంటూ వచ్చాయి. ఆయన చెయ్యి పడింది. నేనే నమ్మకం లేకుండా చేశాను.

రుజువు కావాలన్నావు. ఉంది. నా నోటుబుక్కులో ఆగస్టు తొమ్మిది తారీఖుతో బొమ్మ ఉంది, పిడి అడ్డంగా గీసి. ఇంకా గట్టిది, ఆ విరిగిన వ్యాగన్లు యార్డు చివర పాత ఇనుము కుప్పలో ఉన్నాయి. దెబ్బకి పిడి ఊడిపోయి ఉంటుంది గానీ, పిడితో పాటు తిరిగే కుళాయి లోపలి గోళీ ఎలా తిరిగి ఉందో అలాగే బిగుసుకుని ఉంటుంది. విప్పితే ఎవరికైనా తెలుస్తుంది. నా సంతకం ఉందని ఎవరూ విప్పలేదు. నెలాఖరులో ఆ కుప్పని కోసేస్తారు. రెండుసార్లు అక్కడిదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. మీ నాన్న సంతకం పెడతానన్న రోజు, ఇక అయిపోతుంది అనుకున్నాను. ఆ రోజు కడుపునిండా భోజనం చేసి పడుకుని నిద్రపోయాను.

ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది అని రాసి కొట్టేశాను. కొట్టేసింది కూడా నీకు కనపడాలని కొత్త కాగితం తీసుకోలేదు.

మావయ్య


మార్చి 27, సాయంత్రం

మావయ్యా,

మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా మీ ఇంటికే వచ్చాను. తలుపు కొట్టాను. లోపల ఆకురాయి చప్పుడు ఆగింది. అంటే ఉన్నావు. తీయలేదు. అందుకే ఇప్పుడు మళ్ళీ వచ్చి ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోస్తున్నాను. వ్యాగన్ గుమ్మం దగ్గర డబ్బాలో ఉంది.

బస్సులో నాలుగు గంటలు నిన్ను తిట్టడానికి మాటలు వెతికాను. నేను పోగుచేసిన వాటిలో ఒక్కటీ సరిపోలేదు. ఈ వారం నోటుబుక్కు తెరవలేదు. రుజువు అన్న పేజీ చింపేశాను.

ఇంట్లో ఎలా ఉందో రాస్తాను, నువ్వు తలుపేసుకున్నావు కాబట్టి నీకు తెలియాలి. నాన్న భోజనం దగ్గర కూర్చుని, ముద్ద కలపకుండా, కుడి చెయ్యి గాల్లోకి ఎత్తి పక్కకి తిప్పుతున్నాడు. దించి, మళ్ళీ తిప్పుతున్నాడు.

"ఏంటి నాన్నా?" అన్నాను.

"వేశానా లేదా అని చూస్తున్నానే. చెయ్యికి తెలుస్తుందేమో అని."

"వేశావు నాన్నా."

"నీకేం తెలుసు తల్లీ, నువ్వు లేవుగా అక్కడ" అని నవ్వాడు. మావయ్యా, నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని మంచినీళ్ళు పోశాను. నువ్వు ఏడు నెలలు చేసిన పని నేను ఒక్క పూట చేశాను, నా వల్ల కాలేదు. నువ్వెలా చేయగలిగావు?

నాలుగింటికి ఆ గార్డు భార్య వచ్చి ఎదురు అరుగు పక్కన నిలబడింది. ప్రతి గురువారం వస్తుందట. అరవదు, తిట్టదు. మా తలుపు వైపు చూస్తూ గంట నిలబడి వెళ్ళిపోతుంది. అమ్మ కిటికీలు వేసేస్తుంది. నేను కుర్చీ తీసుకెళ్ళి ఆవిడ పక్కన వేశాను.

"కూర్చోడానికి రాలేదమ్మా" అంది.

"మరెందుకు వస్తున్నారండీ?"

"ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారేమో అని."

కుర్చీ అక్కడే వదిలేసి లోపలికొచ్చాను.

ఆవిడకి చెప్పాల్సింది నువ్వు. నాన్నకి చెప్పాల్సింది కూడా నువ్వే. నేను చెప్పను. అమ్మకీ చెప్పను, రోజూ నీకు క్యారేజీ కట్టి తెచ్చే మనిషికి అన్నయ్య నోటి నుంచే తెలియాలి. రేపు పదింటికి విచారణ. తొమ్మిదిన్నరకి నాన్న బయలుదేరతాడు, ఆ ఇస్త్రీ చొక్కాలోనే. నువ్వు ఇరవయ్యో తారీఖున రాసిన ఉత్తరం నా సంచిలో ఉంది. పదింటి దాకా అది నువ్వు నాకు రాసిన ఉత్తరం. నాన్న కలం తీసిన నిమిషం నుంచి అది విచారణ వాళ్ళది. బెదిరింపు అనుకుంటే అనుకో. నా చేతికి ఆ పని రానివ్వకు మావయ్యా.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. అడగొద్దు.

నీ మేనకోడలు


మార్చి 27

అమ్మా,

మీ అమ్మ ఇప్పుడే క్యారేజీ తెచ్చింది. తలుపు తీశాను. "ముఖమేంటన్నయ్యా అలా ఉంది, జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూసింది. ఖాళీ చేసిన పై గిన్నెలో ఈ చీటీ పెట్టి పంపుతున్నాను. గిన్నెలు నువ్వే కడుగు.

రేపు పొద్దున్న ఏడింటికి మీ ఇంటికి వస్తాను. ఆ వేళకి మీ నాన్న గడ్డం గీసుకుంటూ ఉంటాడు. అయ్యేదాకా ఆగుతాను, చేతిలో కత్తి ఉండగా వినే మాట కాదు అది. తర్వాత మీ అమ్మని కూడా పిలువు. ఇద్దరి ఎదురుగా చెబుతాను. ఆయన కొడితే నువ్వు అడ్డు రాకు.

యార్డులో ఇనుము కోసేవాళ్ళు ఎనిమిదిన్నరకి పనిలోకి వస్తారు. అంతకు ముందే కార్యదర్శిని వెంటబెట్టుకుని వెళ్ళి, రెండో వ్యాగన్ మీద ముట్టుకోవద్దని సున్నంతో రాయాలి. ఆయనకి కబురు పంపాను, ఎందుకో చెప్పలేదు. అక్కణ్ణుంచి ఆ గార్డు గారింటికి. గురువారం దాకా ఆవిడని నిలబెట్టను. పదింటికి విచారణ గది. నా నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాను. ఆ ఉత్తరం మాత్రం సంచిలోనే ఉంచు, నా గొంతు పెగలకపోతే అవసరమవుతుంది.

నువ్వు టేపులో పంపిన ముక్కని మళ్ళీ అతికించాను. అడ్డంగానే. జిగురు పొద్దుటికి గట్టిపడుతుంది. డబ్బా నేనే తెస్తాను.

ఏడింటికి. గడియ తీసి ఉంచండి.

మావయ్య